కోడలు కొడితే కొత్త కుండ

శుక్రవారం ప్రాక్టీసుకు రాలేదు. శనివారం ఉదయానికల్లా జట్టులోనే లేడు. అమెరికాలోని టెన్నెసీ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు), ఇరవై ఏళ్ల నికో ఇయామలెయావా కథ 2025 ఏప్రిల్ 11, 12 తేదీల్లో ఇలా ముగిసింది. జట్టు గుర్తయిన 'పవర్ టీ' కన్నా ఎవరూ పెద్దవాళ్లు కాదని హెడ్ కోచ్ జాష్ హైపెల్ మైకు ముందు ప్రకటించారు. యూనివర్సిటీ ఉన్న నాక్స్‌విల్‌లో చప్పట్లు మోగాయి. వారం పైచిలుకుకే ఆ కుర్రాడు లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఇక అప్పటి నుంచి టీవీ చర్చల్లో, కాలమ్‌లలో ఒకటే పాట: దురాశ, ద్రోహం, కృతఘ్నత.

ఈ మాటలు మాకు మింగుడు పడటం లేదు. కుర్రాడు చేసిందంతా ఒప్పు అని కాదు. ఈ మాటలు అనే అర్హత వీళ్లలో ఎవరికీ లేదని.

ఒప్పందం మీద సంతకం పెట్టినవాడు దానికి కట్టుబడాలని, స్ప్రింగ్ గేమ్‌కు (వసంతకాలంలో జట్టు తనలో తాను ఆడే ప్రదర్శన మ్యాచ్‌కు) ముందురోజు చెప్పకుండా మానేస్తే తోటి ఆటగాళ్లను నడిమధ్యలో వదిలేసినట్టేనని అనేవారున్నారు. అందులో కొంత నిజముంది. అయితే అసలు విషయం అది కాదు.

అసలు విషయం ఏడాది వెనక్కి వెళితే తెలుస్తుంది. 2024 జనవరి 31న టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాల అటార్నీ జనరళ్లు కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మీద కేసు వేశారు. ఎందుకు? ఈ నికోను చేర్చుకున్న తీరు మీదే ఎన్‌సీఏఏ విచారణ మొదలుపెట్టింది కాబట్టి. ఆ కేసులో రాష్ట్రం వాదించింది ఏమిటి? కాలేజీలో చేరకముందే తన పేరుకు, ముఖానికి ఎంత విలువో బేరమాడే హక్కు విద్యార్థికి ఉందని. ఆ హక్కును అడ్డుకోవడం చట్ట విరుద్ధమని. ఫిబ్రవరి 23న ఫెడరల్ జడ్జి ఎన్‌సీఏఏ చేతులు కట్టేశారు. 2025 జనవరి చివర్లో ఎన్‌సీఏఏ రాజీకి వచ్చింది. టెన్నెసీ గెలిచింది, పండగ చేసుకుంది.

పది వారాలు గడిచాయి. ఏ కుర్రాడి పేరు మీద ఆ హక్కు గెలిచారో, ఆ కుర్రాడే బేరానికి కూర్చున్నాడని వార్తలొచ్చాయి. అంతే, అది పాపమైపోయింది. ఏడాదికి 24 లక్షల డాలర్ల నుంచి 40 లక్షలకు పెంచమన్నాడని అమెరికా పత్రికలు రాశాయి. కుటుంబం ఆ వార్తలను కాదంది. ఎవరిది నిజమైనా మా ప్రశ్న మారదు. కోర్టులో హక్కు అయినది క్యాంపస్‌లో ద్రోహం ఎలా అయింది? యూనివర్సిటీకి కుర్రాడు కావలసి వచ్చినప్పుడు బేరం స్వేచ్ఛ. కుర్రాడికి యూనివర్సిటీ నుంచి ఏదైనా కావలసి వచ్చినప్పుడు అదే బేరం దురాశ. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ. మన ఊళ్లలో ఈ సామెత పుట్టింది ఇలాంటి అత్తలను చూసే.

కోచ్ సంగతే చూద్దాం. 2022 సీజన్‌లో టెన్నెసీ 11 మ్యాచ్‌లు గెలిచింది. పదిహేనేళ్లుగా ఓడుతూ వచ్చిన అలబామా మీద అక్టోబర్ 15న 52-49తో గెలిచినప్పుడు జనం గోల్ స్తంభాలు పీకి తీసుకెళ్లి టెన్నెసీ నదిలో పడేశారు. ఆ మ్యాచ్‌లో అయిదు టచ్‌డౌన్ పాస్‌లు విసిరిన క్వార్టర్‌బ్యాక్ హెండన్ హుకర్. నెల తిరిగేసరికి, నవంబర్ 19న సౌత్ కరోలినా మ్యాచ్‌లో అతడి మోకాలి లిగమెంట్ తెగింది. 2023 జనవరిలో కోచ్ హైపెల్ జీతం ఏడాదికి 90 లక్షల డాలర్లు అయింది. మోకాలు ఒకరిది, ఇంక్రిమెంట్ ఇంకొకరిది. ఆ రోజు కోచ్‌ను దురాశపరుడని ఎవరైనా అన్నారా? అది మార్కెట్ రేటు అన్నారు. మంచి సీజన్ చూపించి పెంపు తీసుకోవడం కోచ్ విషయంలో మార్కెట్. 2024లో పది మ్యాచ్‌లు గెలిపించి, పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లో టెన్నెసీని నిలబెట్టిన కుర్రాడు అదే పని చేస్తే మాత్రం కృతఘ్నత!

హైపెల్ టెన్నెసీకి ఎలా వచ్చారో కూడా గుర్తు చేయాలి. 2021 జనవరిలో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ జట్టును వదిలి వచ్చారు. అక్కడి అథ్లెటిక్ డైరెక్టర్ టెన్నెసీకి మారిన కొద్ది రోజులకే ఆయన వెనకే బయల్దేరారు. ఆ యూనివర్సిటీ ఉన్న ఓర్లాండోలో ఆయన్ను నమ్మి చేరిన పిల్లలు అక్కడే మిగిలారు. అంతకన్నా వెనక్కి వెళితే, హైపెల్ కూడా క్వార్టర్‌బ్యాకే. వీబర్ స్టేట్‌లో మొదలుపెట్టి, అది వదిలి స్నో కాలేజీకి, అక్కడి నుంచి ఒక్లహోమాకు వెళ్లారు. 2000 సీజన్‌లో ఒక్లహోమాకు జాతీయ టైటిల్ సాధించిపెట్టారు. మొదటి కాలేజీలోనే ఉండిపోయి ఉంటే ఈయన పేరు మనం వినేవాళ్లమా? రెండుసార్లు జట్టు మారి పైకొచ్చిన మనిషి, జట్టు మారే కుర్రాడికి విధేయత నేర్పడం మాకు చాలా బాధ కలిగించింది.

టెన్నెసీకి ఈ క్వార్టర్‌బ్యాక్ తగవులు కొత్త కావు. మైదానంలో పదకొండు మంది ఉన్నా ఆ కుర్చీ ఒక్కటే. దాని కోసం నలుగురైదుగురు కుర్రాళ్లు ఏళ్ల తరబడి కాచుకుని ఉంటారు. ఆ కుర్చీ చరిత్ర తిరగేస్తే ఎవరు ఎవరికి విధేయంగా ఉన్నారో తేలిపోతుంది.

జెరీ కోల్‌క్విట్ అనే కుర్రాడిని తీసుకోండి. హీత్ షూలర్ లాంటి క్వార్టర్‌బ్యాక్‌ల వెనక నాలుగేళ్లు బెంచీ మీద కూర్చున్నాడు. ఎక్కడికీ పోలేదు. జీతం లేదు, పేరు లేదు. అయిదో ఏట, 1994లో, చివరికి కుర్చీ దక్కింది. మొదటి మ్యాచ్ యూసీఎల్‌ఏతో, పాసడీనాలోని రోజ్ బౌల్ మైదానంలో. ఆ మ్యాచ్‌లోనే, ఏడోసారి బంతి కదిలేసరికే మోకాలు పోయింది. నాలుగేళ్ల ఎదురుచూపుకు దక్కింది ఒక్క మ్యాచ్‌లో ఏడు ఎత్తులు. యూనివర్సిటీ మరో క్వార్టర్‌బ్యాక్‌ను వెతుక్కుంది. బేస్‌బాల్ ఆటగాడు టాడ్ హెల్టన్ వచ్చాడు, మిసిసిపీ స్టేట్ మ్యాచ్‌లో అతడూ గాయపడ్డాడు. ఆ తర్వాత ఇద్దరు కొత్త కుర్రాళ్ల మధ్య పోటీ: పేటన్ మ్యానింగ్, బ్రాండన్ స్టూవర్ట్. గెలిచిన మ్యానింగ్ పేరు నాక్స్‌విల్‌లో ఒక వీధికే పెట్టారు. స్టూవర్ట్ టెక్సస్ ఏ అండ్ ఎంకు వెళ్లాడు, అప్పటి రూలు ప్రకారం ఏడాదిపాటు మైదానం బయట కూర్చున్నాడు. కోచ్‌లు జట్టు మారితే కూర్చోవలసిన ఏడాది మాత్రం ఏ రూలు బుక్కులోనూ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఈ రోజు విధేయత గురించి మాట్లాడే ప్రతి ఒక్కరినీ మేం అడిగేది ఇదే. కోల్‌క్విట్‌కు మించిన విధేయుడు ఎవరు? ఆ విధేయతకు మీరిచ్చిన ప్రతిఫలం ఏమిటి?

2004లో ఇద్దరు పద్దెనిమిదేళ్ల పిల్లలను, ఎరిక్ ఏంజ్‌ను, బ్రెంట్ షేఫర్‌ను, మార్చి మార్చి ఆడించారు. ఇద్దరూ గాయాల పాలయ్యారు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) వదిలి వచ్చిన రిక్ క్లాసెన్ ఆ సీజన్‌ను గట్టెక్కించి కాటన్ బౌల్ గెలిపించాడు. మరుసటి ఏడాది ఏంజా, క్లాసెనా అని కోచింగ్ బృందం తేల్చుకోలేకపోయింది. ఒక వారం ఒకరు, ఇంకో వారం ఇంకొకరు. ఇద్దరి ఆత్మవిశ్వాసమూ పోయింది, జట్టు అయిదు గెలుపులు, ఆరు ఓటములతో కూలిపోయింది. 2021లో మిషిగన్ నుంచి వచ్చిన జో మిల్టన్‌కు కుర్చీ ఇచ్చారు. రెండో మ్యాచ్‌లో దెబ్బ తగిలితే హుకర్ వచ్చాడు, హుకర్ గాయపడేదాకా మిల్టన్‌కు కుర్చీ మళ్లీ దక్కలేదు. హుకర్ ఎక్కడి నుంచి వచ్చాడు? వర్జీనియా టెక్ వదిలి. అంటే పాత జట్టును వదిలి వచ్చిన పిల్లల మీదే టెన్నెసీ ఈమధ్య తన వైభవమంతా కట్టుకుంది. వచ్చేటప్పుడు వాళ్లను ద్రోహులని ఎవరూ అనలేదు.

ఇంకా వెనక, ఈ యూనివర్సిటీ గర్వంగా చెప్పుకునే ఒక పేరుంది. కాండ్రెజ్ హాలోవే. అలబామా రాష్ట్రం హంట్స్‌విల్ కుర్రాడు, నల్లజాతివాడు. తల్లి నాసాలో ఉద్యోగి. 1971లో సొంత రాష్ట్రంలోని అలబామా యూనివర్సిటీలో ఆడాలనుకుంటే, నల్లవాడు క్వార్టర్‌బ్యాక్ కావడానికి అలబామా ఇంకా సిద్ధంగా లేదని కోచ్ బేర్ బ్రయంట్ మొహం మీదే చెప్పారు. హాలోవే రాష్ట్రం దాటి టెన్నెసీకి వచ్చాడు. 1972లో దక్షిణాది కాలేజీ జట్ల లీగ్ అయిన సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో మొదటి నల్లజాతి స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. తర్వాత అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని ఒక జట్టు అతడిని క్వార్టర్‌బ్యాక్‌గా కాకుండా డిఫెన్స్‌లో ఆడేందుకు తీసుకుంది. ఆ చోటు వద్దనుకుని కెనడా వెళ్లాడు, 1982లో అక్కడి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. తన విలువ తెలిసిన చోటుకు వెళ్లడం ద్రోహమైతే హాలోవేను మించిన ద్రోహి లేడు. టెన్నెసీ అతడిని తలమీద పెట్టుకుంది. సరైన పనే చేసింది. అయితే అదే తూకపు రాయి నికోకు ఎందుకు పనికి రాదు?

డబ్బు దగ్గర ఈ రెండు తూకాలు ఇంకా బయటపడతాయి. మునుపటి కోచ్ జెరెమీ ప్రూయిట్ హయాంలో ఆటగాళ్లకు, వాళ్ల కుటుంబాలకు చాటుగా డబ్బిచ్చారని 2023 జూలైలో ఎన్‌సీఏఏ టెన్నెసీకి 80 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అప్పుడు కుర్రాళ్ల చేతిలో డబ్బు నేరం. అప్పటికి కొన్ని నెలల ముందే, అదే క్యాంపస్‌లో, అభిమానుల సొమ్ముతో నడిచే సంస్థ కుదుర్చుకున్న లక్షల డాలర్ల ఒప్పందంతో నికో అడుగు పెట్టాడు. అక్కడ కుర్రాడి చేతిలో డబ్బు ప్రగతి. ఇప్పుడు మళ్లీ దురాశ. ఈ మూడింటిలో మారని సంగతి ఒకటే: అది ఎప్పుడు నేరమో, ఎప్పుడు ప్రగతో, ఎప్పుడు దురాశో తేల్చేది పెద్దలే.

మన పాఠకుల్లో చాలామంది ఇది మన ఆట కాదు కదా అనుకోవచ్చు. అట్లాంటాలోనో డాలస్‌లోనో ఉన్న మన ఇళ్లలో పిల్లలు శనివారాలు ఈ ఆటే చూస్తున్నారు. అంతకన్నా ముఖ్యం, ఇంకో కంపెనీ ఆఫర్ లెటర్ చూపించి హైక్ అడగడం హైదరాబాద్‌లోనైనా, అమెరికాలోనైనా మన సాఫ్ట్‌వేర్ పిల్లలు చేసే పనే. ఆ పిల్లలను చూసి మనం గర్వపడుతున్నాం. వాళ్ల నోటి వెంట కూడా 'ఆ కుర్రాడికి కొవ్వెక్కింది' అన్న మాట విన్నాం. ఒక్కసారి ఆలోచించండి, మీరు ఏ తూకం వాడుతున్నారో.

ఇక టెన్నెసీ యూనివర్సిటీ పెద్దలకు. నికో యూసీఎల్‌ఏకి వెళ్లగానే అక్కడ కుర్చీ పోగొట్టుకున్న జోయీ అగిలార్‌ను మీరే పిలిచి చేర్చుకున్నారు. అపలాచియన్ స్టేట్ వదిలి యూసీఎల్‌ఏలో చేరి కొన్ని నెలలే అయిన కుర్రాడు అతడు. స్ప్రింగ్‌లో జట్టు వదిలిన కుర్రాడిని తప్పుబట్టిన నోటితోనే స్ప్రింగ్‌లో జట్టు వదిలిన ఇంకో కుర్రాడికి స్వాగతం చెప్పారు.  2010 జనవరి 12న మీ కోచ్ లేన్ కిఫిన్ ఒక్క సీజన్ కాగానే సదరన్ కాలిఫోర్నియాకు వెళ్లిపోయినప్పుడు మీ విద్యార్థులు వీధుల్లోకి వచ్చి ఏడ్చారు, అరిచారు. ఆ నొప్పి ఏమిటో మీకు తెలుసు. తెలిసి కూడా పదిహేనేళ్లలో కోచ్‌ల వలసను ఆపే ఒక్క రూలు కోసం మీరు గట్టిగా అడగలేదు. మీ గొంతు పిల్లల మీదే లేస్తుంది.

పిల్లలతో రాసుకునే ఒప్పందాలు బయట పెట్టండి. కుర్రాడు గాయపడితే, బెంచీ మీదికి పోతే అతడికి ఏమిస్తారో అందులో రాయండి. సీజన్ మధ్యలో వెళ్లే కోచ్‌కు, వెళ్లే ఆటగాడికి ఒకే శిక్ష పెట్టండి. 90 లక్షల జీతం తీసుకునే మనిషి నోట 'పవర్ టీ కన్నా ఎవరూ పెద్ద కాదు' అన్న మాట ఆయన జీతం పెంచమని అడిగే రోజున కూడా వినిపించాలి. అంతవరకు ఆ ఇరవై ఏళ్ల పిల్లాడిని ద్రోహి అని పిలవడం ఆపండి.