ఫారం కూడా తెలుగులోకి రావాలి

వెబ్‌సైట్‌లో పై మూల ‘తెలుగు’ అనే బటన్ పెట్టగానే పని పూర్తయిందని విదేశాల్లోని మన తెలుగు సంఘాల కార్యవర్గాలు అనుకుంటున్నాయి. బటన్ నొక్కితే అధ్యక్షుల సందేశం, మెనూ, ఉగాది వేడుకల విశేషాలు తెలుగులోకి మారతాయి. కిందికి వెళ్లి టికెట్లు తీసుకోబోతే ఫారం మొత్తం ఇంగ్లీషే. విరాళం చెల్లించే చోటా ఇంగ్లీషే, కార్యక్రమాల క్యాలెండరూ ఇంగ్లీషే. చదువుకునేవన్నీ తెలుగులో ఉండి, పని జరగాల్సిన చోట తెలుగు లేకపోవడం నాకు మింగుడుపడదు.

ఇబ్బంది పడేది పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండిపోదామని వచ్చిన అమ్మానాన్నలు. వారిలో చాలామంది ఫోనులో తెలుగు పత్రిక చదువుతారు, వాట్సాప్‌లో తెలుగులోనే రాస్తారు. వనభోజనాలకు పేరు నమోదు చేసుకోవాలంటే మాత్రం కొడుకో కోడలో ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. ఒక గడి ఖాళీగా వదిలితే ఎర్రటి అక్షరాల్లో ఒక వాక్యం వస్తుంది. తప్పెక్కడో చెప్పాల్సిన ఆ వాక్యమే వారికి అర్థం కాదు.

చాలాచోట్ల ఆ ఫారం మన వెబ్‌సైట్‌ది కాదు. వేరే కంపెనీ సర్వరు నుంచి వచ్చి, ఐఫ్రేమ్ అనే కిటికీలోంచి మన పేజీలో కనిపిస్తుంది. ఒక సైటు కోడు మరో సైటు నుంచి వచ్చిన ఐఫ్రేమ్‌లో వేలు పెట్టకుండా బ్రౌజర్లు అడ్డుకుంటాయి. కార్డు వివరాలు భద్రంగా ఉండాలంటే ఆ కట్టడి ఉండాల్సిందే. అందుకే మన పేజీలోని అనువాద ప్లగిన్ (సైటుకు తగిలించే అదనపు ప్రోగ్రాం) ఎంత మంచిదైనా అక్కడికి చేరలేదు. ఆ కంపెనీయే తెలుగు ఇవ్వాలి, ఇస్తే మనం అడిగి తెప్పించుకోవాలి. యూట్యూబ్ వీడియోనే తీసుకోండి. పేజీలో అతికించే చిరునామాకు చిన్న భాషా సంకేతం చేరిస్తే ప్లేయర్ మీది మాటలు తెలుగులో వస్తాయి. మరో సంకేతంతో తెలుగు ఉపశీర్షికలను ముందుకు తేవచ్చు, ఎవరైనా వాటిని రాసి పెట్టి ఉంటే.

మనం సొంతంగా రాయించుకున్న భాగాలకు ఈ సాకు కూడా లేదు. ‘ఇంకా 5 టికెట్లు మిగిలాయి’ అని చూపించే చిన్న పెట్టెను చూడండి. కోడులో అంకె ఒక ముక్క, దాని తర్వాతి మాటలు ఇంకో ముక్క. అనువదించేవారికి ఆ ముక్కలే అందుతాయి. చివరికి తెర మీద ‘1 టికెట్లు మిగిలాయి’ అని కనిపిస్తుంది. వాక్యాన్ని ముక్కలు చేయకుండా, అంకెకు చోటు వదిలి, ఏకవచనానికీ బహువచనానికీ వేర్వేరుగా ఇస్తే ఈ బాధ ఉండదు. వెబ్‌సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో ఇందుకు గెట్‌టెక్స్ట్ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మాటలన్నీ ఒక ఫైలులోకి వస్తాయి, ప్రోగ్రామింగ్ రాని తెలుగు మాస్టారు కూడా కూర్చుని అనువదించవచ్చు. తేదీల సంగతీ అంతే. 04/07 అంటే అమెరికాలో ఏప్రిల్ 7, మన ఊళ్లలో జులై 4. నెల పేరు అక్షరాల్లో ఉండాలి.

పోస్టర్లు బొమ్మలుగా పెట్టడం కూడా మానుకోవాలి. కనీసం వేళ, వేదిక, రుసుము వివరాలు మామూలు అక్షరాల్లో కింద ఇవ్వాలి. చూపు తగ్గిన పెద్దలకు ఫోను చదివి వినిపించాలంటే అక్షరాలుండాలి, అవి తెలుగువని కోడులో గుర్తు ఉండాలి. పేజీలో భాష మారిన ప్రతి భాగానికీ ఆ గుర్తు ఉండాలని వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవారికీ అందేలా రూపొందించిన డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణాలు 2008 నుంచీ చెబుతున్నాయి.

యంత్రానువాదం ఉంది కదా అంటారు. వ్యాసానికి సరే. డబ్బు చెల్లించే చోట, రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుందో చెప్పే చోట మనిషి చదివి సరిచూసిన తెలుగే కావాలి.

కార్యవర్గాలను నేను కోరేది ఇది. కొత్త రిజిస్ట్రేషన్ సేవకు సంతకం చేసే ముందే, ఫారంలోని ప్రతి మాటనూ, తప్పు చూపే సందేశాలనూ, తర్వాత వచ్చే ఈమెయిలునూ తెలుగులో పెట్టుకునే వీలుందా అని రాతపూర్వకంగా అడగండి. లేదంటే వేరేవారిని చూడండి. ఇప్పటికే ఒప్పందంలో ఉంటే, గడువు ముగిసేదాకా ఫారం పైన ఏ గడిలో ఏం రాయాలో తెలుగులో వివరించి, సాయం చేయగల ఒక కార్యకర్త ఫోను నంబరు పక్కనే పెట్టండి.