తెల్లపొడి అంతా ఒకటే అనేవారికి: ప్లాస్టర్ అచ్చుల సందేశంపై ఖండన

వినాయక చవితి దగ్గర పడేకొద్దీ అనంతపురంలో ఒక సందేశం ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. ‘ప్లాస్టర్‌తో ఇంట్లోనే అచ్చులు, బొమ్మలు’ అని దాని శీర్షిక. ప్లాస్టర్ అంటే ఇక్కడ ప్లాస్టర్ ఆఫ్ పారిస్. లోపలి సారాంశం ఇది: ప్లాస్టర్ ఏదైనా ఒకటే, ఇంటి సీలింగ్ పనికి వాడే ప్లాస్టర్ బస్తా చవకగా దొరుకుతుంది, అది తెచ్చుకోండి. పొడి మీద నీళ్లు పోసి చిక్కగా కలపండి, ఎంత చిక్కన అయితే అంత బలం. త్వరగా బిగియాలంటే ఉప్పు వేయండి, మరీ బిగిసిపోతుంటే ఇంకొన్ని నీళ్లు పోయండి. వైట్ సిమెంట్ కలిపితే వానకు కూడా చెదరదు. ఆరడానికి ఓవెన్‌లో పెట్టండి. చేతి అచ్చు కావాలంటే చెయ్యి నేరుగా ముంచండి, ప్రకృతి పదార్థమే కాబట్టి ఏమీ కాదు. మిగిలింది సింకులో కడిగేయండి.

ఇందులో సగం నిజాలున్నాయి. అసలు ఇబ్బంది వాటితోనే.

‘ప్లాస్టర్ ఏదైనా ఒకటే.’ పుట్టుకలో ఒకటే, నిజం. జిప్సం రాయిని 150 డిగ్రీల దరిదాపుల్లో వేడి చేస్తే అందులో ఉన్న నీటిలో మూడు వంతులు పోయి, ఒక వంతు మిగులుతుంది. ఆ పొడికి మనం నీళ్లు కలిపితే అది మళ్లీ జిప్సంగా మారుతుంది. సూదుల్లాంటి స్ఫటికాలు ఒకదానిలో ఒకటి చిక్కుకోవడమే మనం చూసే గట్టిపడటం. తేడా అంతా ఆ రాయిని వేడి చేసిన తీరులో ఉంది. తెరిచిన బాణలిలో కాల్చితే వచ్చేది బీటా రకం: గింజలు చిల్లులుపడి, ఎగుడుదిగుడుగా ఉంటాయి, నీళ్లు ఎక్కువ తాగుతాయి. ఆవిరి ఒత్తిడిలో కాల్చితే వచ్చేది ఆల్ఫా రకం: దట్టమైన గింజలు, కొద్ది నీళ్లకే జారుగా కలుస్తాయి.

నూరు గ్రాముల పొడి గట్టిపడటానికి రసాయనికంగా కావలసిన నీళ్లు 18.6 గ్రాములే. మిగతాదంతా పోయడానికి వీలుగా మనం కలిపే అదనం. ఆ అదనం తర్వాత ఆవిరైపోయి, తాను ఉన్నచోట ఖాళీలు మిగులుస్తుంది. మామూలు బీటా ప్లాస్టర్‌కు నూరు గ్రాములకు 60 నుంచి 70 గ్రాముల నీళ్లు పడతాయి. దంతవైద్యులు వాడే డెంటల్ స్టోన్ ఆల్ఫా రకం, దానికి 30 దగ్గర సరిపోతాయి. ఖాళీలు ఎంత తక్కువైతే పోత అంత గట్టిగా వస్తుంది.

అలాగని అందరూ డెంటల్ స్టోన్ కొనాలా? వద్దు. సందేశం రాసినవారికి బలం ఒక్కటే గుణంగా కనిపించింది, పని మాత్రం అలా అడగదు. జారు మట్టి పోసి కప్పులు, కుండీలు తీసే అచ్చుకు ఆ ఖాళీలే ప్రాణం. అవి నీళ్లు పీల్చుకుంటేనే మట్టి గోడ కట్టి, కుంచించుకుని, అచ్చును వదిలి వస్తుంది. అక్కడ బీటా ప్లాస్టరే కావాలి, 70 పాళ్ల నీళ్లతో. సిలికాన్ రబ్బరు అచ్చులో సన్నని గీతలున్న పతకం పోయాలన్నా, పదే పదే నకళ్లు తీయడానికి మూలబొమ్మ కావాలన్నా ఆల్ఫా వాడాలి. మన చిన్న ఊళ్లలో కళాకారుల దుకాణాలు లేవని బాధపడేవారికి ఒక మాట: డెంటల్ కాలేజీ ఉన్న కర్నూలు లాంటి ఊళ్లో దంతవైద్య సామగ్రి అమ్మే దుకాణాల్లో అడగండి. సీలింగ్ బస్తా కంటే ధర ఎక్కువే, కానీ అరచేతి పతకానికి ఎంత పడుతుంది?

ఇక సీలింగ్ బస్తా. అది మేస్త్రీ తాపీకి అనువుగా తయారైన సరుకు. గోడ మీద సాపు చేసే వ్యవధి ఉండాలని బిగిసే వేగాన్ని తగ్గించే పదార్థాలు, తరచుగా నింపుడు పొడులు కలుపుతారు. సీలింగ్‌కు అది మంచి సరుకే. అచ్చుకు వాడితే మాత్రం మెత్తగా ఉండి, అంచులు రాలిపోతాయి. పేరు లేని విడి సంచులైతే మరీ జాగ్రత్త. తాడిపత్రి వైపు బలపం రాయి పొడి తెల్లనిదే, కడప వైపు మంగంపేట ముగ్గురాయి పొడీ తెల్లగానే ఉండవచ్చు. కంటితో తేడా తెలియదు. కొనేముందు గుప్పెడు పొడి తెచ్చి, తూకం వేసి, నీళ్లలో కలిపి చూడండి. అరగంటలో వేడెక్కి గోరు దిగనంత గట్టిపడాలి. లేదంటే అది ప్లాస్టరే కాదు, లేదా గాలిలో తేమ తాగి పాడైన పాత సరుకు.

‘పొడి మీద నీళ్లు పోయండి, చిక్కగా కలపండి.’ మొదటిది తలకిందులు, రెండోది సగం నిజం. నీళ్లు ముందు, పొడి తర్వాత. పొడిని వేళ్ల మధ్య నుంచి నీళ్ల మీద జల్లుతూ పోవాలి, అది తనంతట తాను మునగాలి. ఒకటి రెండు నిమిషాలు కదపకుండా వదిలితే గింజల మధ్య గాలి బయటికి వస్తుంది. ఆ తర్వాతే చేతిని అడుగున ఉంచి, పైకి గాలి లాగకుండా కలపాలి. పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది, వాటిని విడగొట్టడానికి గిలక్కొడతాం, గిలక్కొట్టిన గాలి బొమ్మ ముక్కు మీద గుంటగా తేలుతుంది. చిక్కదనం మాట కొస్తే, తగినన్ని నీళ్లు తగ్గించడం బలమే. మరీ తగ్గిస్తే మిశ్రమం మూలల్లోకి జారదు. ‘దోసెపిండిలా’ అన్న కొలత ప్రతి వంటింట్లో ఒక్కోలా ఉంటుంది. ఒక చిన్న తూకం యంత్రం కొనుక్కోండి, వాదన తీరిపోతుంది.

‘ఉప్పు వేయండి, నీళ్లు పోయండి.’ చిటికెడు ఉప్పు వేగం పెంచేది నిజమే. ఆ ఉప్పు లోపలే ఉండి తేమను పిలుస్తుంది, ఆరేటప్పుడు పైకి తెల్ల పొరగా పూస్తుంది, లోపల ఇనుప తీగ ఉంటే తుప్పు పట్టిస్తుంది. దానికి బదులు గట్టిపడిన ప్లాస్టర్ పొడి చిటికెడు వేసినా వేగం వస్తుంది. గిన్నె సరిగా కడగకపోతే మిశ్రమం ఉన్నట్టుండి బిగిసేది కూడా అందుకే. మే నెలలో మా ఊళ్లో మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లే వేగం పెంచడానికి చాలు. ఎండాకాలం సమస్య ఉప్పు చాలకపోవడం కాదు, పోయడానికి వ్యవధి చాలకపోవడం. కుండనీళ్లు వాడండి.

బిగుస్తున్న మిశ్రమంలో నీళ్లు పోయడం అన్నిటికంటే చేటు. అప్పటికే అల్లుకుంటున్న స్ఫటికాలను మనమే విరగ్గొడతాం. అది పలచబడినట్టు కనిపిస్తుంది, ఆరాక గోటితో గీస్తే పొడి రాలుతుంది. ఆ గిన్నెను పారేయడమే పొదుపు.

‘వైట్ సిమెంట్ కలిపితే వానకు చెదరదు.’ సిమెంటులోని అల్యూమినా సమ్మేళనాలూ జిప్సం సల్ఫేటూ తడిలో కలిస్తే ఎట్రింగైట్ అనే స్ఫటికం పెరుగుతుంది. అది చోటు ఎక్కువ తీసుకుంటుంది, లోపలినుంచి నెట్టి బీటలు తెస్తుంది. పొడి గదిలో ఉంచితే చాలాకాలం ఏమీ కనిపించకపోవచ్చు, అందుకే ఈ సలహా బతికి ఉంది. వాన తగిలే చోటికి ఆ బొమ్మను పెట్టమనడమే విడ్డూరం. జిప్సం లీటరు నీటిలో సుమారు రెండు గ్రాములు కరుగుతుంది: ఆరుబయట ముఖకవళికలు మెల్లగా అరిగిపోవడానికి చాలినంత, చెరువులో నిమజ్జనం చేస్తే త్వరగా కరగడానికి మాత్రం అది చాలదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లో ప్లాస్టర్ విగ్రహాలు వద్దన్నది ఊరికే కాదు. ఆరుబయటి బొమ్మ కావాలంటే సిమెంటుతోనే చేయండి, లేదా ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరికి వెళ్లండి.

‘ఓవెన్‌లో ఆరబెట్టండి.’ నీళ్లు పోగొట్టి రాయిని పొడిగా మార్చింది వేడే కదా? అదే వేడి మళ్లీ తగిలితే బొమ్మ పైపొర తిరిగి పొడి అవుతుంది. 45 డిగ్రీలు దాటకుండా, గాలి అన్ని వైపులా ఆడేలా అరుగు నీడలో పలకల మీద నిలబెట్టండి. మా ఎండకు ఒక పక్కే ఆరిన పల్చటి ఫలకం వంకర తిరుగుతుంది. పట్టుకుంటే చల్లగా ఉన్నంతవరకు లోపల తడి ఉన్నట్టే, రంగు వేయకండి. బాగా ఆరిన ప్లాస్టర్ బలం తడి ప్లాస్టర్ బలానికి రెట్టింపు దాకా ఉంటుంది. తొందరపడి అచ్చు విప్పి విరగ్గొట్టుకున్నవారికి ఈ సంగతి బాగా తెలుసు.

‘చెయ్యి నేరుగా ముంచండి.’ దీనికి మెత్తగా జవాబు చెప్పలేను. ప్లాస్టర్ బిగిసేటప్పుడు వేడి పుడుతుంది, మందమైన ముద్దలో 60 డిగ్రీల దాకా ఎక్కవచ్చు. చెయ్యి లాగుదామనుకునేసరికి అది బిగుసుకుపోయి ఉంటుంది. 2007లో ఇంగ్లండులో ఒక బడిలో చేతుల అచ్చు తీయబోయి ఒక విద్యార్థిని వేళ్లు కోల్పోయింది. ఆసుపత్రిలో కట్టు వేస్తారు కదా అంటే, అది గుడ్డకు పట్టించిన పల్చటి పొరలు, వైద్యుల చేతిలో. చేతి అచ్చుకు పళ్ల అచ్చులు తీసే ఆల్జినేట్ వాడండి. దానిలో ప్లాస్టర్ పోసుకోండి.

సింకు సంగతి ఒక్క ముక్క. ప్లాస్టర్ నీళ్లలో కూడా గట్టిపడుతుంది, పైపులోనూ అంతే. మిగిలినదాన్ని మెత్తటి ప్లాస్టిక్ బకెట్‌లో వదిలేసి, మర్నాడు బకెట్‌ను పిసికితే పెచ్చులుగా ఊడి వస్తుంది.