వట్టి మనిషి కాదు, వాకిలి దాకా రానివ్వండి

అమెరికాలోని ఫ్లోరిడా గొడవ చాలామంది చదివే ఉంటారు. అక్కడ 2025 జూలై 1 నుంచి గర్భిణులు కూడా దివ్యాంగుల పార్కింగ్ అనుమతి పత్రం తీసుకోవచ్చు. ఏడాది వరకు చెల్లుతుంది. చట్టం అమల్లోకి వచ్చిన కొద్ది రోజులకే దానిపై ఫెడరల్ కోర్టులో దావా పడింది. గర్భం వైకల్యమా కాదా అన్నది అక్కడి న్యాయమూర్తులు తేల్చుకుంటారు. ఈ వార్త మీద నల్లగొండ గడియారం చౌరస్తాలో టీ తాగుతూ ఒక మిత్రుడు అన్న మాట మాత్రం నన్ను వదలడం లేదు. "మా అమ్మ కాన్పు రోజు పొద్దున కూడా నాటు వేసింది. ఇప్పుడు వీళ్లకు పార్కింగ్ కావాలా?"

వేసింది, నిజమే. వేయకపోతే ఆ పూట కూలి రాదు కాబట్టి వేసింది. కొడుకు దాన్ని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నాడు. ఆమెను అడిగితే ఏం చెప్పేదో!

నా మాట ముందే చెప్పేస్తాను. ఏడో నెల నుంచి కాన్పయ్యాక మూడు నెలల దాకా ప్రతి స్త్రీకీ వాకిలి పక్కన చోటు దొరకాలి. అది దయతో ఇచ్చేది కాకుండా హక్కుగా రాసి ఉండాలి. మన భాష ఎప్పుడో గుర్తించిన సంగతే ఇది. కడుపుతో ఉన్న అమ్మాయిని "వట్టి మనిషి కాదు" అంటాం. బస్సులో లేచి చోటిస్తాం, బిందె ఎత్తనివ్వం. ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె వట్టి మనిషి అయిపోతుంది.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణ గర్భిణుల్లో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉంది. కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. దేశంలో మరే రాష్ట్రమూ ఈ విషయంలో మన దరిదాపుల్లో లేదు. అన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది వేరే రోజు మాట్లాడుకోవలసిన పెద్ద సంగతి. ఇవాళ్టి లెక్క వేరు. పదిమంది బాలింతల్లో ఆరుగురు పొట్ట మీద కుట్లతో, చేతిలో పసిబిడ్డతో, ఆరు వారాలకు టీకా కోసం మళ్లీ అదే గేటు ముందుకు వస్తారు. పార్కింగ్ అనగానే దూరం గురించే ఆలోచిస్తాం, వెడల్పు ఎవరికీ పట్టదు. మామూలుగా కారు నిలపడానికి గీసిన గడి రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం దివ్యాంగుల గడి 3.6 మీటర్ల వెడల్పు ఉండాలి, ద్వారానికి 30 మీటర్ల లోపు ఉండాలి. ఆ అదనపు మీటరు తలుపు పూర్తిగా తెరుచుకోవడానికే. తొమ్మిదో నెల పొట్టతో సగం తెరిచిన తలుపులోంచి పక్కకు జారుతూ దిగడం ఎలా ఉంటుందో ఇంట్లో ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది.

దివ్యాంగుల పక్షాన మాట్లాడేవారి అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోను. ఉన్నవే రెండు గడులు, వాటిలోకి ఇంకొకరిని తోస్తే చక్రాల కుర్చీ మనిషి ఎక్కడికి పోవాలి? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం "దీర్ఘకాలిక" లోపం గురించి మాట్లాడుతుంది, గర్భం తొమ్మిది నెలలదే. రెండూ సరైన మాటలే. అయితే దీనికి దారి జపాన్‌లోని సాగా ప్రిఫెక్చర్ (అక్కడి రాష్ట్రం లాంటిది) 2006లోనే చూపింది. వృద్ధులకూ గర్భిణులకూ కూడా అనుమతి పత్రాలిచ్చింది. ఆ తర్వాత వెడల్పు గడులను చక్రాల కుర్చీలవారి కోసం మిగిల్చి, ద్వారం దగ్గరే మామూలు వెడల్పు గడులను అదనంగా గీయించింది. దివ్యాంగుల చోటుకు గండి పడలేదు. తరగవలసిన చోటు ఎవరిదో మన ఆసుపత్రుల ఆవరణలో ఒకసారి తిరిగితే తెలుస్తుంది. చెట్టు నీడ ఎక్కడుంటే అక్కడ, మెట్లకు ఎంత దగ్గరైతే అంత దగ్గరగా ఎవరి కార్లు నిలబడతాయో అందరూ చూస్తున్నదే. ప్రైవేటు నర్సింగ్ హోముల సంగతి చెప్పనక్కర్లేదు. పార్కింగ్ కోసమని చూపిన సెల్లార్లో మందుల షాపు వెలుస్తుంది.

ఇంతకీ మన దగ్గర కారులో వచ్చేది ఎందరు? చందంపేట నుంచో, అమ్రాబాద్ నుంచో, కోస్గి నుంచో బయలుదేరిన గర్భిణి బస్సు దిగి ఆటో ఎక్కుతుంది. లేదంటే భర్త బండి వెనక పక్కకు కూర్చుని వస్తుంది. అమెరికా పద్ధతిని ఇక్కడ అచ్చంగా దించితే కారున్న వాళ్లకు ఇంకొక సౌకర్యం అమరుతుంది, అంతే. కాబట్టి అనుమతి ఉండవలసింది మనిషికి. ఆమె ఎక్కివచ్చిన బండి ఏదైనా ఆ రోజుకు దానికి వాకిలి దాకా దారి ఉండాలి.

గత ఏడాది ఏప్రిల్‌లో, ఎనిమిదో నెలలో ఉన్న మేనకోడలిని స్కానింగ్‌కు తీసుకువెళ్లాను. జిల్లా కేంద్రంలోని ఆసుపత్రే, పేరు అనవసరం. గేటు దగ్గర ఆటోను ఆపేశారు. గర్భిణులను తీసుకొచ్చే 102 ప్రభుత్వ వాహనమైతే లోపలికి వెళుతుందట, ఆటో వెళ్లకూడదట. మిట్టమధ్యాహ్నం. గేటు నుంచి ఓపీ మెట్ల దాకా నా అడుగుల్లో రెండు వందల పై చిలుకు. ఆ పిల్ల మధ్యలో రెండుసార్లు ఆగింది. రెండోసారి ఆగినప్పుడు ఊతగా పట్టుకున్న స్తంభానికి "దివ్యాంగులకు మాత్రమే" అన్న బోర్డు ఉంది. దాని కింద ఒక జీపు ఉంది, డ్రైవరు సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోతున్నాడు.

తమాషా ఏమిటంటే, అప్పుడు ఆమె చేతిసంచిలో మాతా శిశు రక్షణ కార్డు ఉంది. ఏఎన్ఎం (ఊళ్లో చూసే నర్సమ్మ) రాసిన నెలలు, బరువు, రక్తం శాతం, కాన్పు కాగల తేదీ అన్నీ అందులో ఉన్నాయి. గేటు దగ్గర ఎవరూ అడగలేదు, చూపించాలని మాకూ తోచలేదు. ఇంకొక దరఖాస్తు, ఇంకొక ఫొటో, మీసేవ ముందు ఇంకొక వరుస ఎందుకు? ఆ కార్డే అనుమతి పత్రం కావచ్చు. గడువు తేదీ కూడా దాని మీదే ఉంది. దొంగ పత్రాలు పుట్టుకొస్తాయని భయపడేవారికి ఒక్క మాట: గర్భాన్ని ఎవరూ రెన్యువల్ చేయించుకోలేరు. 2023 డిసెంబరు నుంచి మన బస్సుల్లో కండక్టరు ఆడవాళ్ల కార్డు చూసి జీరో టికెట్ కొట్టి ఇస్తున్నాడు. ఆర్టీసీ చేయగలిగింది ఆసుపత్రి గేటు చేయలేదా?

ఈ రుజువుల సంగతి మా నల్లగొండ జిల్లా వాళ్లకు చెప్పాలా? మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషులు శిబిరాల ముందు తెల్లవారుజాము నుంచి కూర్చునేవారు, డాక్టరు వైకల్యం ఎంత శాతం రాస్తాడోనని. నలభై రాస్తే మనిషి, ముప్పై ఎనిమిది రాస్తే వచ్చిన బస్సులోనే వెనక్కి. నిన్నమొన్నటి దాకా ఆ వైకల్య ధ్రువపత్రాన్ని సదరెం అన్నారు, ఇప్పుడు యూడీఐడీ అంటున్నారు. 2016 చట్టం లెక్కపెట్టిన ఇరవై ఒక్క రకాల్లో ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఫ్లోరోసిస్ పేరే లేదు. చలన వైకల్యం కింద ఎలాగో ఇమడాలి. నీళ్లలో విషం ఉందని రుజువు చేయడానికి 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది నిరసనగా పోటీ చేయవలసి వచ్చింది. 2003లో ఫ్లోరోసిస్ బాధితుడు అంశల స్వామి వంగిన దేహాన్ని ఢిల్లీ తీసుకువెళ్లి ప్రధాని వాజ్‌పేయి బల్ల మీద పడుకోబెట్టవలసి వచ్చింది. కళ్లెదుట కనిపించే బాధకు ఇంత సాక్ష్యం అడిగిన వ్యవస్థ ఇది. రేపు గర్భిణులకు పార్కింగ్ అనుమతి ఇస్తామని ఒప్పుకున్నా, దానికి ఒక శిబిరం పెట్టి, తొమ్మిదో నెల మనిషిని ఆ వరుసలో నిలబెట్టదన్న నమ్మకం నాకు లేదు. దివ్యాంగులూ గర్భిణులూ ఒకరి చోటు కోసం ఒకరు పోట్లాడుకునేలా చేస్తున్నదీ ఈ శాతాల లెక్కే.

దీనికి శాసనసభ దాకా పోనవసరం లేదు. గేటు కాపలాదారు చేతికి ఒక ఉత్తర్వు, మెట్ల పక్కన నాలుగు గడులు, ఆటో తిరగడానికి ఒక మలుపు చాలు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తున్నారు. ఆ రోజు మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ ఆవరణలు కిక్కిరిసి ఉంటాయి. వచ్చే 9వ తేదీకి ఇంకా సమయం ఉంది, నేల మీద గీసిన రంగు ఆరడానికి ఒక పూట పడుతుంది. ఆ జీపును మాత్రం ముందు రోజు సాయంత్రమే తీయించాలి.