సేఫ్టీ పిన్నులు వాలంటీర్లే తెచ్చుకోవలెను

"డియర్ పేరెంట్స్, యాన్యువల్ డే, గ్రాడ్యుయేషన్ డే కార్యక్రమాలకు ప్రతి కుటుంబం నుంచి ఒకరు వాలంటీరుగా రావడం తప్పనిసరి. రాలేనివారు వాలంటీర్ ఫండుకు 1,000 రూపాయలు పంపి స్క్రీన్ షాట్ పెట్టగలరు. సేఫ్టీ పిన్నులు వాలంటీర్లే తెచ్చుకోవలెను." కింద రెండు చేతులు జోడించిన బొమ్మ, పక్కన ఒక గులాబీ పువ్వు.

తిరుపతిలో ఒక మాంటిస్సోరి స్కూలు వాట్సాప్ గ్రూపులో మార్చి మొదట్లో వచ్చిన సందేశమిది. అంత మర్యాదగా పువ్వు పెట్టి అడిగాక ఎవరికి మాత్రం కోపం వస్తుంది?

మన రాష్ట్రానికి వాలంటీర్లు కొత్తేం కాదు. 2019లో ప్రభుత్వం 50 ఇళ్లకు ఒకరిని పెట్టి, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చింది. ఇక కొండమీద శ్రీవారి సేవకులున్నారు. ఎక్కడెక్కడి నుంచో సొంత డబ్బుతో వచ్చి అన్నం వడ్డిస్తారు, క్యూలలో నీళ్లిస్తారు. రాలేకపోయినవాళ్ల ఇంటికి ఎవరూ జరిమానా నోటీసు పంపరు. డబ్బిచ్చి చేయించుకోవడం ఒక పద్ధతి, పుణ్యానికి చేయడం ఒక పద్ధతి. వస్తే చాకిరీ, రాకపోతే జరిమానా అనే మూడో పద్ధతిని కనిపెట్టిన ఘనత మాత్రం మన స్కూళ్లదే.

మా తమ్ముడి కూతురు అక్కడే చదువుతుంది. వాడికి సెలవు దొరక్క పెదనాన్న కోటాలో నన్ను పంపాడు. పనుల పంపకం చూస్తే ముచ్చటేసింది. ఆడవాళ్లకు మేకప్పు, జడలు, పిల్లల లైన్లు. మగవాళ్లకు కుర్చీలు, వాటర్ క్యాన్లు, పార్కింగ్. బ్యాంకు మేనేజరు ఒకాయన మెడలో విజిల్ వేసుకుని మిట్టమధ్యాహ్నం స్కూటర్లు సర్దుతున్నాడు. స్కూలు వ్యాను డ్రైవరు నీడలో నిలబడి ఆయనకు సలహాలిస్తున్నాడు. తల్లులంతా లావెండర్ రంగు చీరల్లో రావాలన్నారు. గాంధీ రోడ్డులో చీరల షాపులకు ఈ సంగతి ముందే ఎవరు చేరవేశారో గానీ, అన్ని షాపుల ముందూ ఆ రంగే వేలాడుతోంది.

ఇంత సందడీ ఎవరి పేరుమీద జరుగుతోందో ఆవిడ గురించి కూడా కాస్త చెప్పుకోవాలి. మరియా మాంటిస్సోరి ఇటలీ డాక్టరమ్మ. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లోరెంజో అనే పేదల పేటలో మొదటి బడి తెరిచింది. తల్లీతండ్రీ పొద్దున్నే పనికి పోతే, ఇళ్ల దగ్గర మిగిలిన పిల్లలు గోడలూ మెట్లూ పాడుచేస్తున్నారని ఆ ఇళ్ల యాజమాన్యం వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టే ఏర్పాటు అడిగింది. కథ అక్కడ మొదలైంది. ఫీజు లేదు. తల్లులకు పెట్టిన షరతులు కూడా చిన్నవే: పిల్లలను శుభ్రంగా పంపాలి, వారానికి ఒకసారైనా వచ్చి టీచరుతో మాట్లాడాలి. చీర రంగు గురించి ఆవిడ ఏమీ చెప్పినట్టు లేదు.

1939లో అడయారు దివ్యజ్ఞాన సమాజం వాళ్లు పిలిస్తే మద్రాసు వచ్చింది. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగేసరికి బ్రిటిష్ వాళ్లు ఆవిడను శత్రుదేశస్థురాలి కింద కట్టడి చేశారు. 1946 దాకా మన దేశంలోనే ఉండి వందలాది టీచర్లకు శిక్షణ ఇచ్చింది. తిరుపతిలో బస్సెక్కితే మూడు నాలుగు గంటల్లో అడయారు. అంత దగ్గర్నుంచి కూడా ఆవిడ పద్ధతి మన ఊరు చేరలేదు, పేరు మాత్రం ఎక్స్‌ప్రెస్ బస్సెక్కి వచ్చేసింది. ఆ పేరుమీద ఎవరికీ హక్కుల్లేవు కాబట్టి బోర్డు రాసేవాడికి డబ్బిస్తే చాలు. ఆవిడ పిల్లల చేతికోసం తయారుచేసిన గులాబీరంగు చెక్క దిమ్మెలు, పది సెంటీమీటర్ల దాని నుంచి ఒక సెంటీమీటరు దాని దాకా మొత్తం పది, రిసెప్షన్‌లో అద్దాల బీరువాలో ఉన్నాయి. తాళంచెవి ప్రిన్సిపాల్ మేడం దగ్గర ఉంటుంది. అడ్మిషన్ల సీజన్‌లో తీసి చూపిస్తారు. పిల్లలు ముట్టుకుంటే మాసిపోతాయట.

సభ సాయంత్రం ఐదున్నరకని కార్డులో వేశారు. పిల్లలు ఒంటిగంటకే మేకప్‌కు రావాలి. ముఖ్య అతిథి ఎనిమిదింటికి దయచేశాడు. దయచేయగానే జ్యోతి ప్రజ్వలన. ఒత్తి వెలిగిస్తే ఫ్యాను గాలికి ఆరిపోతోంది. మళ్లీ వెలిగించారు, మళ్లీ ఆరింది. చివరికి ఎవరో తెలివిగలవాళ్లు హాలు మొత్తం ఫ్యాన్లు ఆపించారు. దీపం వెలిగింది, చప్పట్లు కొట్టాం. ఫ్యాన్లు మాత్రం మళ్లీ తిరగలేదు. స్విచ్చుల ఇన్‌చార్జి వాలంటీరు కొడుకు డాన్సు వీడియో తీసుకోవడానికి ముందు వరుసలోకి దూరాడు మరి.

అతిథి మైకు అందుకుని "మాంటిస్సోరి గారు మహానుభావుడు, ఆయన కన్న కలలను మన కరస్పాండెంటు గారు నిజం చేశారు" అన్నాడు. వెనకాల ఫ్లెక్సీలో తెల్లజుట్టుతో ఆవిడ నిలువెత్తు ఫొటో ఉంది. ఎవరూ సరిదిద్దలేదు. తర్వాత మాట్లాడిన ఇద్దరూ అతిథి మాట తీసేయడం బాగుండదని కాబోలు, 'ఆయన' అనే కొనసాగించారు. ఆ తర్వాత శాలువాలు. ఫ్యాన్లు ఆగిన హాల్లో, మార్చి నెలలో, తిరుపతిలో, మనిషి మీద శాలువా కప్పడం సన్మానమా, కక్ష తీర్చుకోవడమా నాకు అర్థం కాలేదు. స్వీటు షాపాయనకు, పళ్ల డాక్టరుకు, ప్లాట్లమ్మే ఆయనకు తలా ఒక శ్రీవారి పటం ఇచ్చారు. తిరుపతిలో కాపురముండేవాళ్లకు శ్రీవారి పటమే! ఇళ్లలో మేకులు కొట్టడానికి గోడ మిగిలి ఉందో లేదో అడిగినవాళ్లు లేరు.

వేషాల విషయంలో తిరుపతికి ఒకరు నేర్పాల్సింది లేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని కట్టి వీధులన్నీ తిరిగే ఊరిది. అక్కడ మొక్కుకున్నవాళ్లు ఇష్టపడి వేషం కడతారు. పైగా వేషంలో ఉన్నవాళ్లు నోటికొచ్చిన బూతులు తిట్టినా ఆచారమే, అమ్మవారు ఏమీ అనుకోదు. యాన్యువల్ డేలో ఆ సౌకర్యం లేదు. ఉండుంటే నేను ఎవరిని తిట్టేవాణ్నో చెబుతాను.

నాకు పడిన డ్యూటీ వాటర్ క్యాన్లు. క్యాన్లన్నీ వేదిక వైపు, సోఫాల వైపు. ఒకటి మోసుకుంటూ స్టేజీ వెనక నుంచి పోతున్నాను. అక్కడ నాలుగేళ్ల పాప నెమలి వేషంలో గోడకు నిలబడి ఉంది. కూర్చుంటే పింఛం నలుగుతుందని కూర్చోనివ్వలేదు. నీలం రంగు చెమటకు కరిగి మెడమీద చారలు కట్టింది. "అంకుల్, నీళ్లు" అంది. గ్లాసులో పోశాను. లావెండర్ చీర కో ఆర్డినేటర్ ఒకామె వచ్చి నా చేతిలో గ్లాసు లాక్కుంది. "సార్, తాగితే బాత్రూమ్ అంటుంది. డ్రెస్ విప్పితే మళ్లీ కట్టడం కుదరదు. ఒంటిగంట నుంచి ఎవరికీ ఇవ్వట్లేదు" అంది, ఏదో ఘనకార్యం చెప్పినట్టు.

ఎవరికీ ఇవ్వట్లేదట! ముప్పై నలభై మంది పసిపిల్లలు, ఒంటిగంట నుంచి, ఆ ఉక్కలో! సిగ్గుండాలి. అలిపిరి నుంచి మెట్లెక్కేవాడు ఎవడో ఏ ఊరివాడో తెలియకపోయినా దారిపొడవునా కొళాయిలు పెట్టిన ఊరు ఇది. ఆ ఊళ్లో, లక్షకు దగ్గరగా ఫీజు కట్టించుకుని, బిడ్డ నోటి దగ్గర గ్లాసు లాక్కుంటారా? ముందు వరుస సోఫాల్లో చల్లటి బాదంపాలు రెండో విడత తిరుగుతున్నాయి. ఆ పింఛానికి అద్దె కట్టారు కాబట్టి దానికున్న విలువ కూడా దాని లోపలున్న ప్రాణానికి లేదా? ఈ పనికి క్రమశిక్షణ అనీ, ఈవెంట్ మేనేజ్‌మెంట్ అనీ ఎవరైనా పేరు పెడితే వాళ్లను ఆ డ్రెస్సులోకి ఎక్కించి ఏడు గంటలు నిలబెట్టాలి.

చివరికి నీళ్లిచ్చింది ఆయమ్మ. చీపుర్ల గదిలోకి ఇద్దరిద్దరిని తీసుకుపోయి, కొంగుతో మొహాలు తుడిచి తాగించింది. నన్ను చూసి బెదిరిపోయి "మేడంకి చెప్పబాకండి సారూ" అంది. శాలువాలు కప్పినవాళ్ల లిస్టులో ఆమె పేరు లేదు.

ఆ నెమలి పాప గ్రూపు తర్వాత వేదికమీద ఏం చేసిందనుకున్నారు? 'నీటిని పొదుపు చేద్దాం' అనే నాటిక. అతిథి కళ్లు తుడుచుకున్నాడు.

వెయ్యి రూపాయలు కట్టనివాళ్ల సంగతీ ఉంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర షాపులో నిలబడి పనిచేసే తల్లి ఒకామె ఉంది. ఒకరోజు పనికి పోకపోతే ఆరోజు కూలి పోతుంది. అలాంటి తల్లుల బిడ్డలకోసమే రోమ్‌లో ఈ బడి పుట్టిందని ఈ మేధావులకు ఎవరు చెప్పాలి? గ్రూపులో 'పేమెంట్ పెండింగ్' అని పేర్ల లిస్టు పెట్టారు, అందులో ఆమె పేరు. ఆమె కొడుకును డాన్సులోంచి తీసి చెట్టు వేషం వేశారు. చెట్టుకు కాస్ట్యూమ్ ఫీజు తక్కువట. ఫండు లెక్క చెప్పమని ఒక తండ్రి అడిగిన ఐదు నిమిషాలకు గ్రూపులో అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టకుండా తాళం వేశారు.

గ్రాడ్యుయేషన్ డే గురించి ఎక్కువ చెప్పను. 1954లోనే ఎస్వీ యూనివర్సిటీ వచ్చిన ఊరు, 2015లో ఐఐటీ, ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ కూడా వచ్చాయి, పట్టాలకు కరువేం లేదు. అయినా యూకేజీ పిల్లలకు నల్ల గౌను తొడిగి, టోపీ కళ్లమీదికి జారుతుంటే తడుముకుంటూ వచ్చి పట్టా పుచ్చుకోవాల్సిందే. బెస్ట్ స్మైల్, బెస్ట్ లిజనర్, మిస్టర్ యూకేజీ అని మెడల్స్ కూడా. బహుమతులూ శిక్షలూ రెండూ వద్దన్న మనిషి మాంటిస్సోరి. ఒక తరగతిలో ఆవిడ చూసిందట: మంచి పిల్లాడని మెడలో పతకం వేసినవాడు దాన్ని పట్టించుకోకుండా తన పనిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. శిక్షగా కుర్చీలో కూర్చోబెట్టినవాడు, కిందపడిన ఆ పతకాన్ని తీసి 'పడింది చూశావా' అన్నాడు. 'నాకక్కర్లేదు' అన్నాడు మొదటివాడు. 'అయితే నేను పెట్టుకుంటా' అని శిక్షలో ఉన్నవాడు పెట్టుకుని హాయిగా కూర్చున్నాడు. మన మిస్టర్ యూకేజీ కూడా మెడల్ నోట్లో పెట్టుకుని కొరికి చూసి, చాక్లెట్ కాదని తేలాక వాళ్లమ్మకు ఇచ్చేశాడు. హాలంతటికీ మాంటిస్సోరి చెప్పింది అర్థమైంది వాడొక్కడికే.

ఏప్రిల్ రెండో వారంలో ఎయిర్ బైపాస్ రోడ్డులో పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. 'మాంటిస్సోరి విత్ ఐఐటీ ఫౌండేషన్, అడ్మిషన్స్ ఓపెన్.' మధ్యలో నెమలి పాప. మెడమీద నీలం చారలు కంప్యూటర్‌లో శుభ్రంగా తుడిచేశారు, పెదాలకు రంగు దిద్దారు. వాళ్లమ్మ ఆటోలో పోతూ చూసి ఇంటికెళ్లి చెప్పిందట. ఎవరిని అడిగి మా బిడ్డ ఫొటో వేశారని వాళ్ల నాన్న ఫోన్ చేస్తే, ఆఫీసులో అమ్మాయి ఒక్క నిమిషం సార్ అని రిజిస్టరు తిరగేసి, పింఛంలో రెండు ఈకలు విరిగినందుకు 200 రూపాయలు బాకీ ఉందని చెప్పింది.