తుపాకీ పన్ను: వసూలు కన్నా పద్దే ముఖ్యం

కాలిఫోర్నియాలో 600 డాలర్ల పిస్తోలు అమ్మితే దుకాణదారు రాష్ట్రానికి 66 డాలర్లు కట్టాలి. ఆ మొత్తం సాధారణంగా కొనేవాడి బిల్లులోకే వచ్చి చేరుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ 11 శాతం ఎక్సైజు పన్ను తుపాకులకే పరిమితం కాలేదు. తూటాలకూ, ఇంట్లోనే తుపాకీ బిగించుకోవడానికి వాడే మూల భాగాలకూ వర్తిస్తుంది. పోలీసు అధికారులకు చేసే అమ్మకాలను, మూడు నెలల్లో 5,000 డాలర్ల వ్యాపారం కూడా లేని చిన్న దుకాణాలను మినహాయించారు. వచ్చిన సొమ్ములో మొదటి 7.5 కోట్ల డాలర్లు హింసా నివారణ గ్రాంట్లకు, ఆ తర్వాతి 5 కోట్లు పాఠశాలల భద్రతకు వెళ్లాలని చట్టంలోనే వరుస రాశారు. ఈ పన్నును మేం సమర్థిస్తున్నాం. 11 శాతమనే అంకె కంటే, ఆ వరుస రాసిపెట్టడమే మాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తోంది.

తుపాకీపై పన్ను అమెరికాకు కొత్తేమీ కాదు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తయారీదారులు, దిగుమతిదారులు రైఫిళ్లు, షాట్‌గన్లు, తూటాలపై 11 శాతం, పిస్తోళ్లు, రివాల్వర్లపై 10 శాతం ఫెడరల్ పన్ను కడుతున్నారు. ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తుంది. రాష్ట్రం ఖర్చు పెట్టే ప్రతి నాలుగు డాలర్లలో మూడు ఈ నిధి ఇస్తే, ఒకటి రాష్ట్రం వేసుకోవాలి. వేట లైసెన్సుల రుసుమును వేరే పనులకు మళ్లించబోమని చట్టం చేసిన రాష్ట్రానికే ఈ వాటా దక్కుతుంది. వేటగాళ్లు దశాబ్దాలుగా ఈ పన్నును తమదిగా చెప్పుకొంటున్నారంటే కారణం అదే: కట్టిన డబ్బు అడవిలో కళ్లెదుట కనిపిస్తుంది.

ఆ కట్టుబాటు లేకపోతే ఏమవుతుందో షికాగో ఉన్న కుక్ కౌంటీ చూపించింది. అక్కడ 2013 నుంచి తుపాకీకి 25 డాలర్లు, ఆ తర్వాత తూటాకు రకాన్ని బట్టి ఒక సెంటు లేదా 5 సెంట్లు వసూలు చేశారు. తుపాకీ పన్ను నేరుగా సాధారణ ఖజానాలో కలిసింది. తూటాల పన్ను ప్రజాభద్రత ఖాతాకు వెళ్లినా, తుపాకీ హింసను తగ్గించే పనులకే వాడాలన్న షరతు లేదు. 2021 అక్టోబరులో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు రెండింటినీ కొట్టేసింది. పన్ను వేసిన కారణానికీ, డబ్బు ఖర్చయ్యే చోటికీ పొంతన లేదన్నది ఆ తీర్పులోని కీలకాంశం. కౌంటీ ఆ తర్వాత ఆర్డినెన్సును సవరించి, రాబడిని తుపాకీ హింస నివారణకు ముడిపెట్టాల్సి వచ్చింది.

సియాటిల్ తప్పు మరో రకం. 2016 నుంచి ఆ నగరం తుపాకీకి 25 డాలర్లు, పాయింట్ 22 అనే చిన్న రకం తూటాకు 2 సెంట్లు, మిగతా వాటికి 5 సెంట్లు విధించింది. 2017లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా సరేనంది. కానీ ఏటా 3 నుంచి 5 లక్షల డాలర్లు వస్తాయనుకుంటే, మొదటి ఏడాది దక్కింది సుమారు లక్ష. 50 తూటాల 9 ఎంఎం డబ్బాపై రెండున్నర డాలర్లు, పాయింట్ 22 తూటాలు 500 కొంటే 10 డాలర్లు మిగిలితే నగరం పొలిమేర దాటి కొనుక్కోవడానికి ఎవరు వెనకాడతారు? ఒక దుకాణమైతే ఏకంగా ఊరే మార్చేసింది. పైగా తుపాకీకి ఇంత అని స్థిరంగా వేస్తే 200 డాలర్ల తుపాకీకీ, 2,000 డాలర్ల తుపాకీకీ ఒకే భారం. శాతం లెక్కన రాష్ట్రమంతటా వేస్తే ఈ రెండు చిక్కులూ చాలావరకు తీరతాయి. పొరుగు రాష్ట్రంలో పిస్తోలు కొన్నా, ఫెడరల్ చట్టం ప్రకారం అది సొంత రాష్ట్రంలోని లైసెన్సు డీలరు ద్వారానే చేతికి రావాలి. రైఫిళ్లు, షాట్‌గన్ల విషయంలో ఆ కట్టడి సడలింది. తూటాల విషయంలో చాలా రాష్ట్రాల్లో అసలు లేదు. కాబట్టి రాబడి అంచనా వేసేవారు తూటాల లెక్కను విడిగా, తక్కువగా వేసుకోవాలి.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. 2023లో అమెరికాలో తుపాకుల వల్ల 46,728 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా ఆత్మహత్యలే. హింసా నివారణ గ్రాంటుతో కొనేది యంత్రాలు కాదు, మనుషుల పనిని. తూటా గాయంతో ఆసుపత్రిలో పడి ఉన్న కుర్రాడి మంచం దగ్గర కూర్చుని, ప్రతీకారానికి బయలుదేరే స్నేహితులను ఆపి, డిశ్చార్జి తర్వాత ఉద్యోగం, ఇల్లు, కౌన్సెలింగ్ దాకా వెంట నడిచే కార్యకర్త కావాలి. ఆ నమ్మకం కుదరడానికే నెలలు పడుతుంది. జీతం మధ్యలో ఆగితే అతనితోపాటు ఆ పరిచయాలూ పోతాయి. 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ న్యాయశాఖ అనేక సంస్థల గ్రాంట్లను నడుమ రద్దు చేసినప్పుడు జరిగింది అదే.

తుపాకీ అమ్మకాలు కూడా నిలకడగా ఉండవు. 2020లో భయం కొద్దీ ఎగబడి కొన్నారు, తర్వాత తగ్గాయి. పన్ను ఫలించి అమ్మకాలు పడిపోతే, ఆ డబ్బుతో నడిచే కార్యక్రమమే చిక్కిపోతుంది. 2024 నవంబరులో కొలరాడో ఓటర్లు ఆమోదించిన 6.5 శాతం పన్నుకూ ఇదే ముప్పు. ఏడాదికి 3.9 కోట్ల డాలర్లు వస్తాయన్న అంచనాలో 3 కోట్లు నేర బాధితుల సేవలకే పెట్టారు. గృహహింస నుంచి పారిపోయి వచ్చిన మహిళకు ఇచ్చే ఆశ్రయం గన్ షాపు గిరాకీ మీద ఆధారపడకూడదు.

వ్యతిరేకుల వాదనల్లో ఒకటి తేలిగ్గా తీసేయదగినది కాదు. ఆయుధం ఉంచుకోవడానికి అమెరికా రాజ్యాంగం ఇచ్చిన హక్కును ఏరి మరీ దానిపై పన్ను వేయవచ్చా అన్నది వారి ప్రశ్న. పత్రికలుగా మాకు అది బాగా తెలిసిన ప్రశ్న. మిన్నెసోటా రాష్ట్రం పత్రికల కాగితం, సిరాపై వేసిన ప్రత్యేక పన్నును అమెరికా సుప్రీంకోర్టు 1983లో కొట్టేసింది. తుపాకీకి, పత్రికకు ఒక తేడా ఉందని మా అభిప్రాయం: తుపాకీ చేసే నష్టం ఖర్చును ఆసుపత్రులు, పోలీసులు, పాఠశాలలు ఇప్పటికే భరిస్తున్నాయి. కానీ ఆ తేడా కోర్టులో నిలవాలంటే రాబడి ఆ నష్టానికే ఖర్చవుతోందని పైసాతో సహా చూపగలగాలి.

తెలుగు పాఠకులకు ఈ లెక్క పరాయిది కాదు. మన రెండు రాష్ట్రాల ఖజానాలు మద్యం రాబడికి ఎంత అలవాటు పడ్డాయో అందరికీ తెలుసు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996 చట్టం కింద వసూలు చేసిన సెస్సు దేశవ్యాప్తంగా వేల కోట్లు ఖర్చు కాకుండా ఉండిపోయింది. మన దేశంలో రివాల్వర్లు, పిస్తోళ్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం. అది కూడా ఏ బాధితుడి పేరూ లేకుండా మొత్తం రాబడిలో కలిసిపోయేదే.

కాలిఫోర్నియా శాసనసభ వచ్చే బడ్జెట్లోనే చేయదగినవి కొన్ని ఉన్నాయి. రాబడి పెరిగిన ఏడాది మిగులులో కొంత నిల్వ ఖాతాలో పెట్టి, గ్రాంటు పొందిన సంస్థలకు కనీసం మూడేళ్ల జీతాల హామీ ఇవ్వాలి. పిస్తోళ్లు, రైఫిళ్లు, తూటాలు, విడిభాగాల వసూళ్లను దుకాణాల పేర్లు బయటపడకుండా మూడు నెలలకోసారి విడివిడిగా ప్రకటించాలి. కొత్త పన్ను వచ్చిందన్న సాకుతో పాత సాధారణ నిధుల కేటాయింపు తగ్గించకూడదని చట్టంలో ఒక వాక్యం చేర్చాలి. ఆ వాక్యం లేకపోతే ఒక జేబులో వేసింది మరో జేబులోంచి తీసేస్తారు, ఆసుపత్రిలో ఆ మంచం పక్కన కుర్చీ ఖాళీగానే ఉంటుంది.