'ప్రభువు చిత్తమైతే' గారికి ఒక ఉత్తరం

అయ్యా 'ప్రభువు చిత్తమైతే' గారూ,

ప్రభువు పేరట వందనాలు. కులాసాయేనా అని అడగను. పొద్దున లేస్తే మా అందరి నోళ్లలో నలిగే మీకు కులాసా ఎక్కడిది!

మొన్న శనివారం మందిరం కడగడానికి యూత్‌ని రమ్మన్నారు. 11 మంది 'ప్రభువు చిత్తమైతే వస్తాం' అన్నారు. వచ్చింది ఇద్దరు. మిగతా 9 మందీ చీపురు పట్టడం ఆయన చిత్తం కాదన్నమాట. మర్నాడు పెళ్లి విందుకు మాత్రం మీతో పనే పడలేదు. బిర్యానీ అనగానే 'తప్పకుండా' అన్నారు, తప్పకుండానే వచ్చారు.

నా దగ్గర 5 వేలు చేబదులు తీసుకున్న బ్రదర్ ఒకాయన ఉన్నాడు. ఎప్పుడిస్తావు బ్రదరూ అంటే కళ్లు అరమూసి, ముందు మిమ్మల్ని పలికి, ఆ తర్వాత 'ఒకటో తారీఖు' అంటాడు. ఇంకాస్త గట్టిగా అడిగామా, దేవుడితో తగువు పెట్టుకున్నట్టే. అదే మనిషి బండి ఈఎంఐ దగ్గర మీ ఊసెత్తడు. ఐదో తేదీకల్లా ఖాతాలో డబ్బుంటుంది. బైబిల్లో 'భయభక్తులు' అని జంటగా ఉన్న మాటను మేం పంపకాలు వేసేశాం. భయం బ్యాంకు వాటాకి పోయింది.

మీ పుట్టిల్లు బైబిల్లో యాకోబు రాసిన ఉత్తరం, అదే యాకోబు పత్రిక, 4వ అధ్యాయం. ఫలానా ఊరు వెళ్దాం, ఏడాది ఉందాం, వ్యాపారం చేసి లాభం తీద్దాం అని లెక్కలేసుకునేవాళ్లను ఆపి, రేపేమవుతుందో మీకేం తెలుసు, కాసేపు కనబడి మాయమయ్యే ఆవిరి మీరు అని చెప్పి, అప్పుడు మిమ్మల్ని నేర్పాడాయన. అంటే ఒంట్లో వణుకు పుట్టాక రావాల్సిన మాట మీరు. మాకేమో ఆవలింతతో పాటు వస్తున్నారు. ఆ బైబిల్లోనే ఎఫెసు పట్టణంవాళ్లు ఇంకొన్నాళ్లుండమని బతిమాలితే, ఊరూరా సువార్త చెప్పుకుంటూ తిరిగే పౌలు, దేవుని చిత్తమైతే మళ్లీ వస్తానని చెప్పి ఓడెక్కాడు. మా సంఘంవాళ్లు రేవులో నిలబడి వింటే 'ఇక రాడులే' అని ఇళ్లకు పోయేవాళ్లు. ఆయన తిరిగొచ్చాడు. వచ్చి 2 ఏళ్లకు పైనే ఉన్నాడు!

మా నాయనమ్మ కూడా మిమ్మల్ని వాడేది, కాకపోతే పొదుపుగా. 'ప్రభువు చిత్తమైతే రేపు మిరప కోతకు పోవాల' అనేటప్పుడు చేతిలో పని ఆపి, ప్రార్థనకు కప్పుకున్నట్టు కొంగు తల మీదికి లాక్కునేది. అన్నాక మళ్లీ చేటలో బియ్యం ఏరుకునేది. తెల్లారి మేం లేచేసరికి మంచం ఖాళీ, సద్దిగిన్నె ఖాళీ, ఆవిడ చేలో ఉండేది. తప్పకుండా వెళ్లే చోటికి ఆవిడ మిమ్మల్ని వెంటబెట్టుకెళ్లేది. మేం వెళ్లని చోటికి మా బదులు మిమ్మల్ని పంపుతున్నాం.

మేం అంటే నేనూ ఉన్నాను లెండి. మా సంఘంలో ఓ పెద్దాయన ఆరు నెలలుగా మంచం మీద ఉన్నాడు. ఓ పాట పాడి ప్రార్థన చేసిపో నాయనా అని కబురంపాడు. 'ప్రభువు చిత్తమైతే ఆదివారం సాయంత్రం వస్తాను తాతయ్యా' అన్నాను ఫోన్లో. ఆ సాయంత్రం క్రికెట్ మ్యాచ్ ఉంది. చివరి ఓవర్ దాకా చూశాను. ఆయన మాత్రం మంచం పక్కన కుర్చీ వేయించుకుని, గుమ్మంవైపు తిరిగి పడుకున్నాడట. రాత్రి తొమ్మిదికి గానీ కుర్చీ తీయనివ్వలేదని వాళ్ల కోడలు చెప్పింది. నిష్ఠూరంగా కూడా చెప్పలేదు.

ఇవాళ పొద్దున ఫోన్ చేశాను. ఈసారి మీ పేరెత్తడానికి సిగ్గేసింది. 'ఐదింటికి వస్తున్నా తాతయ్యా' అన్నాను, అంతే. అవతల కాసేపు ఊపిరి చప్పుడే వినబడింది. తర్వాత ఆయనే అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, 'ప్రభువు... చిత్తమైతే... ఉంటాను నాయనా' అని.

నాలుగున్నరైంది. బయల్దేరుతున్నాను.

ఇట్లు,
మిమ్మల్ని బాగా వాడుకున్న ఒకడు