పదకొండింటిలోపు ఫొటో

మన బడుల్లో కొత్త బోధన పద్ధతులు అనుకున్నట్టు అమలు కావడం లేదని కొందరు అంటున్నారు. ఇది అన్యాయం. అమలు బ్రహ్మాండంగా జరుగుతోంది. ఆధారాలు మండలానికో వాట్సాప్ గ్రూపు చొప్పున, ఫోన్ల మెమరీ నిండిపోయేంత ఉన్నాయి.

వాటిలో ఒక పద్ధతి ఏమిటంటే, ఐదో తరగతికి వచ్చినా చిన్న పేరా చదవలేని పిల్లాడిని ఐదో తరగతి పుస్తకంతో కుస్తీ పట్టించకూడదు. రోజుకో గంట తరగతులను పక్కనపెట్టి, అక్షరాల దగ్గర ఆగినవాళ్లను ఒక గుంపుగా, పదాల దగ్గర ఆగినవాళ్లను ఇంకో గుంపుగా, పేరా, కథ చదవగలిగేవాళ్లను వేరుగా కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడున్నారో అక్కడి నుంచి నేర్పాలి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇదే. చదవడం, రాయడం, లెక్కల పునాదులు గట్టిపడాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్, తెలంగాణ 2022లో తొలిమెట్టు అనే కార్యక్రమాలు మొదలుపెట్టాయి.

ఇంత తేలికైన సంగతిని టీచరుకు నేరుగా చెప్పేస్తే వ్యవస్థకు మర్యాదేముంది? అందుకే శిక్షణ రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, అక్కడి నుంచి దగ్గరి బడులన్నీ కలిసే స్కూల్ కాంప్లెక్సుకు మెట్లు దిగుతూ, మెట్టు మెట్టుకూ కొంత బరువు దించుకుంటూ వస్తుంది. పైన రోజుల తరబడి సాగినది కింద ఒక పూట, ఒక పీపీటీ, రెండు సమోసాలు, హాజరుపట్టీలో ఒక సంతకంగా తేలుతుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఇక్కడ చెప్పే రిసోర్స్ పర్సన్ కూడా పాపం పోయినవారమే విన్నాడు. పిల్లల ముందు ఒక్కసారైనా చేసి చూసుకునే యోగం ఆయనకూ పట్టలేదు.

అసలు సాయం ఆ తర్వాత మొదలవుతుంది. గుంపుల ఫొటో పదకొండింటిలోపు యాప్‌లో పడాలి. పడకపోతే మీ బడి పేరు ఎక్సెల్ షీటులో ఎర్రబడుతుంది. ఏకోపాధ్యాయ పాఠశాల అయితే ఐదు తరగతులు, నాలుగు గుంపులు, మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క, సిగ్నల్ దొరకని ఫోను, అన్నీ ఒక్కరి చేతిలోనే. 'ఈ గుంపుకు ఎలా చెప్పాలో తోచడం లేదు' అని రాసుకునే గడి మాత్రం ఆ యాప్‌లో ఎక్కడా కనబడదు. అలాంటి బలహీనతలను ప్రోత్సహించకూడదు కదా.

ఈ సంప్రదాయానికి వయసుంది. 1980లలో బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. దానికి ఆరు సూత్రాలు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒక్కొక్కరి తేడాలను గమనించాలి, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవాలి వగైరా. ఆరింటిలో తనిఖీకి వచ్చినవాళ్ల కంటికి ఇట్టే ఆనేది ఒక్కటే, పిల్లల పనిని గదిలో ప్రదర్శించడం. దాంతో గోడకూ గోడకూ దారాలు కట్టాం, బొమ్మలు వేలాడాయి, వచ్చినవాళ్లు తల పైకెత్తి చూసి సంతోషించారు. తర్వాతి కాలంలో ఏడాది పొడవునా పిల్లల పనిని చూసి మార్కులేసే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది, జిరాక్స్ షాపుల్లో ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరికాయి. కనీసం షాపులవాళ్లయినా బాగుపడ్డారు.

అతి చేసిన రాష్ట్రాలూ ఉన్నాయి. ఈ గుంపుల పద్ధతికే బీహార్‌లో టీచర్లకు శిక్షణ, సామగ్రి మాత్రమే ఇచ్చి చూస్తే, మామూలు బడి రోజుల్లో పిల్లల చదువు కదల్లేదు. టీచర్లకు చేతకాదని తేల్చేసి చేతులు దులుపుకుందామంటే, 2008 వేసవి శిబిరాల్లో అక్కడి ప్రభుత్వ టీచర్లే పిల్లలకు నేర్పి చూపించి మన నోరు మూయించారు. హర్యానాలో 2012-13లో మరీ దారుణం. బడులను పర్యవేక్షించాల్సినవాళ్లనే ముందు రెండుమూడు వారాలు బడికి పంపి, వాళ్లచేతే పిల్లలకు పాఠాలు చెప్పించారు. గుంపుల గంటను టైంటేబుల్లో విడిగా కేటాయించారు. తర్వాత ఆ పర్యవేక్షకులే టీచర్ల వెన్నంటి ఉండి సాయపడ్డారు. పిల్లల హిందీ చదువు మెరుగుపడింది, నిజమే. కానీ చేతికి సుద్ద అంటిన పర్యవేక్షకుడి హోదా ఏం కాను? రేపు మన దగ్గరా ఏ టీచరో లేచి, "సార్, మీరోసారి చేసి చూపించండి" అంటే?

మొన్న ఏదో పనిమీద ఒక బడికి వెళ్లాను. పిల్లలు చాపల మీద గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మేడమ్ ఫొటో తీసి, సిగ్నల్ కోసం గేటు పక్క వేపచెట్టు కిందికి నడిచింది. వెంటనే ఓ బుడ్డోడు లేచి చాప చుట్టడం మొదలుపెట్టాడు.

"అప్పుడే పీరియడ్ అయిపోయిందట్రా?" అన్నాను.

"ఫొటో అయిపోయిందిగా తాతా" అన్నాడు.